బడిలో మనసు పాఠం: పుస్తకం సరే, వినే మనిషి ఎవరు?

బిహార్‌లోని నలంద జిల్లాలో కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో పదేళ్ల కిందట ఒక పెట్టె పెట్టారు. పిల్లలు ఎవరికి ఏ బాధ ఉన్నా కాగితం మీద రాసి అందులో వేయొచ్చు. పేరు రాయాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. టీచర్ కొట్టారనో, మరుగుదొడ్డికి తలుపు లేదనో, దారిలో అబ్బాయిలు వెంటపడుతున్నారనో, ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయనో ఏదైనా రాయొచ్చు. ఆ కాగితాలను చదివి, వాటి సంగతి చూడటానికి బడిలో ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి ఎవరన్న దగ్గరే ఈ కథ మలుపు తిరిగింది.

పరిశోధకులు ఒకే కార్యక్రమాన్ని రెండు రకాల మనుషుల చేతుల్లో పెట్టారు. కొన్ని బడుల్లో అక్కడి టీచర్‌కే ఆ బాధ్యత అప్పగించారు. మరికొన్ని బడుల్లో ఇదే పని కోసం స్థానికంగా ఒక కౌన్సెలర్‌ను నియమించారు. ఎనిమిది నెలల తర్వాత చూస్తే, కౌన్సెలర్ ఉన్న బడుల్లో పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు తగ్గాయి, ఏడిపించడాలు, కొట్లాటలు తగ్గాయి. టీచర్‌కు అప్పగించిన బడులకు, ఆ కార్యక్రమమే లేని బడులకు మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

పుస్తకం అదే, పెట్టె అదే, పిల్లలూ అలాంటి పిల్లలే. మారింది మనిషి ఒక్కరే.

దేశంలో ఇప్పుడు రాష్ట్రం తర్వాత రాష్ట్రం 'సోషల్ అండ్ ఎమోషనల్ లెర్నింగ్' పేరుతో బడుల్లో కొత్త పీరియడ్లు పెడుతోంది. విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 2025లో దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. ఆ ఆదేశాలకు కారణమైన కేసు విశాఖపట్నంలో మొదలైంది. అందుకే నలంద బడుల అనుభవాన్ని మనం ఇప్పుడు మళ్లీ తీసి చూసుకోవాలి.

ఇంతకీ ఏమిటీ చదువు?

తెలుగులో దీన్ని 'సామాజిక, భావోద్వేగ అభ్యసనం' అంటున్నారు. పేరు బరువుగా ఉంది కానీ విషయం తేలికైనదే. కోపం వచ్చినప్పుడు అది కోపమని గుర్తుపట్టడం, దాన్ని పక్కవాడి మీద చూపించకుండా ఆగగలగడం, ఎదుటివాళ్ల స్థితి అర్థం చేసుకోవడం, గొడవపడ్డాక మళ్లీ మాట్లాడుకోవడం, ఒత్తిడిలో ఉన్నప్పుడు కూడా ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. 1994లో అమెరికాలో ఏర్పడిన 'కేసెల్' అనే సంస్థ వీటిని ఐదు సామర్థ్యాలుగా విడదీసి చెప్పింది. ప్రపంచంలో చాలా దేశాలు ఆ జాబితానే అటూ ఇటూగా వాడుకుంటున్నాయి.

మన దగ్గర చాలామంది దీన్ని నీతి పాఠంతో కలిపేస్తారు. శతక పద్యాలు వల్లె వేయించిన సంప్రదాయం మనది. కాబట్టి ఆ పొరపాటు సహజమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. విలువల బోధన వద్దనేవారు ఎవరూ ఉండరు. అయితే రెండింటి పనీ వేరు.

పరీక్ష తప్పిన కుర్రాడి ఉదాహరణే తీసుకుందాం. ధైర్యంగా ఉండాలి, తల్లిదండ్రుల కష్టం గుర్తుపెట్టుకోవాలి అని నీతి పాఠం చెబుతుంది. ఆ కుర్రాడికి ఆ రెండూ ముందే తెలుసు. తల్లిదండ్రుల కష్టం మరీ ఎక్కువగా గుర్తుండబట్టే ఇంటికి వెళ్లలేక బస్టాండులో కూర్చున్నాడు. అప్పుడు అతడికి కావలసింది మూడు విషయాలు. తనలో జరుగుతున్నది సిగ్గు అని, భయం అని పేరు పెట్టగలగడం. అది కాసేపటికి తగ్గుతుందని తెలిసి ఉండటం. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోన్ చేసి చెప్పుకోగల ఒక పెద్ద మనిషి ఉండటం. మొదటి రెండూ తరగతిలో నేర్పొచ్చు. మూడోది నేర్పితే వచ్చేది కాదు, బడి సమకూర్చాలి.

ఇప్పుడే ఎందుకింత చర్చ?

లెక్కలు చూస్తే కారణం తెలుస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2022 జనవరి నుంచి మార్చి దాకా దేశవ్యాప్తంగా 6 నుంచి 12వ తరగతి విద్యార్థులతో ఒక సర్వే చేసింది. 3.79 లక్షల మంది పాల్గొన్నారు. చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని 81 శాతం మంది చెప్పారు.

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన మరణాలు 2,248.

తెలుగు పాఠకులకు ఈ అంకెలు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు, ఆ కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఏటా ఫలితాల రోజున రెండు రాష్ట్రాల్లోనూ ఇళ్లల్లో ఒక రకమైన భయం అలవాటైపోయింది.

2020 జాతీయ విద్యా విధానం చదువుతో పాటు సామాజిక, నైతిక, భావోద్వేగ సామర్థ్యాలనూ పెంచాలని రాసుకుంది. అదే ఏడాది కేంద్రం 'మనోదర్పణ్' మొదలుపెట్టింది. 2022 అక్టోబరులో 'టెలీ మానస్' హెల్ప్‌లైన్ వచ్చింది. ఇవన్నీ అవసరమైనవే. కానీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలంటే పిల్లవాడి చేతిలో ఫోన్ ఉండాలి. మన రెసిడెన్షియల్ కాలేజీల్లో మొదట లాక్కునేది దాన్నే.

దిల్లీ ఏం చేసింది?

ఈ విషయంలో దేశంలో అందరికంటే ఎక్కువ చర్చకు వచ్చింది దిల్లీ 'హ్యాపీనెస్ కరిక్యులమ్'. 2018 జులై 2న దలైలామా చేతుల మీదుగా ప్రారంభమైంది. నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ బడుల్లో దీనికి ప్రత్యేకంగా పీరియడ్ పెట్టారు. ఒకటో తరగతి నుంచి రోజూ 45 నిమిషాలు. కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవడం, ఒక కథ, దాని మీద మాటలు, ఒక ఆట లాంటి పని, వారం చివర ప్రతి ఒక్కరూ తమ మనసులో మాట చెప్పడం. పరీక్ష లేదు, మార్కులు లేవు.

లక్షల మంది పేద, దిగువ మధ్యతరగతి పిల్లలు చదివే బడుల్లో, టైంటేబుల్‌లో ఇంత సమయం కేటాయించడం చిన్న విషయం కాదు. ఖరీదైన ప్రైవేటు స్కూళ్ల ముచ్చటగా ఉన్నదాన్ని సర్కారు బడికి తెచ్చిన ఘనత దిల్లీకి ఇవ్వాలి. ఉత్తరాఖండ్ 'ఆనందం' పేరుతో, ఆంధ్రప్రదేశ్ 'ఆనంద వేదిక' పేరుతో 2019లో ఇదే బాట పట్టాయి.

2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి భార్య మెలానియా ట్రంప్ దిల్లీలో ఒక సర్కారు బడికి వెళ్లి ఈ పీరియడ్ చూశారు. ఆ కార్యక్రమానికి అప్పటి దిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్‌ను, విద్యామంత్రి సిసోదియాను పిలవకపోవడమే ఆ రోజు పెద్ద వార్తయింది. పిల్లల మనసు గురించిన కార్యక్రమం అప్పటికే పార్టీల మధ్య పంచాయితీగా మారిందన్న మాట. 2025 ఫిబ్రవరిలో దిల్లీలో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం బడుల కోసం తన సొంత కార్యక్రమాలు, తన సొంత పేర్లతో ప్రకటించింది.

ఇక్కడ ఏ పార్టీది తప్పని తేల్చడం మన ఉద్దేశం కాదు. పేరు, బ్రాండు, ప్రారంభోత్సవం మీద నిలబడిన కార్యక్రమం ఆ పేరు పెట్టినవారి పదవీకాలం అంత కాలమే బతుకుతుంది. లెక్కల పీరియడ్‌కు ఏ ముఖ్యమంత్రి ఫొటో అక్కర్లేదు. ప్రభుత్వాలు మారినా అది ఉంటుంది, ఎందుకంటే దాని వెనక ఒక పోస్టు ఉంది, ఆ పోస్టులో ఒక మనిషి ఉన్నారు. మనసు పాఠానికి అలాంటి పోస్టు ఏదీ లేదు.

అసలు ఇది పనిచేస్తుందా?

పనిచేస్తుందనేవారు తరచూ చూపించేది 2011లో అమెరికా పరిశోధకులు చేసిన ఒక సమీక్ష. 213 కార్యక్రమాలు, 2,70,034 మంది విద్యార్థుల ఫలితాలను కలిపి చూశారు. ఈ కార్యక్రమాల్లో ఉన్న పిల్లల ప్రవర్తన మెరుగుపడటమే కాకుండా చదువులో కూడా 11 పర్సంటైల్ పాయింట్ల మేరకు ముందున్నారని తేలింది. మనసు పాఠానికి సమయం ఇస్తే సిలబస్ వెనకబడుతుందనే వారికి ఇది గట్టి జవాబు.

మన పొరుగున భూటాన్ 'స్థూల జాతీయ ఆనందం' భావనను 2009, 2010 నుంచి బడుల్లోకి తెచ్చింది. అక్కడ 18 హైస్కూళ్లలో 8,385 మంది విద్యార్థులతో చేసిన అధ్యయనంలో, జీవన నైపుణ్యాలు నేర్చుకున్న పిల్లల సంతోషంతో పాటు పరీక్ష మార్కులు కూడా పెరిగాయి.

అయితే ఇదంతా నాణేనికి ఒక వైపు. బ్రిటన్‌లో 84 స్కూళ్లలో 8,376 మంది పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు. టీచర్లకు శిక్షణ ఇచ్చి తరగతి గదిలో పాఠాలు చెప్పించారు. 2022లో ఫలితాలు వచ్చాయి. మామూలుగా జరిగే పాఠాలతో పోలిస్తే పిల్లల మానసిక ఆరోగ్యంలో దీనివల్ల అదనపు మేలు కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంటికెళ్లాక ఆ సాధన చేయనే లేదు.

ఒకచోట ఫలితం ఇచ్చింది మరోచోట ఎందుకు ఇవ్వలేదు? దేశాలు వేరు, పిల్లలు వేరు, పాఠాలూ వేరు కాబట్టి ఈ అధ్యయనాలను పక్కపక్కన పెట్టి జవాబు చెప్పడం కష్టం. నలంద ప్రయోగం విలువ ఇక్కడే తెలుస్తుంది. అక్కడ జిల్లా ఒకటే, బడులు ఒకే రకం, పాఠం ఒకటే.

నలందలో ఏం జరిగింది?

ఆ కార్యక్రమం పేరు 'సెహెర్'. తెల్లవారుజాము అని అర్థం. గోవా కేంద్రంగా పనిచేసే సంగత్ సంస్థ దీన్ని నడిపింది. పరిశోధక బృందంలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ ఉన్నారు. 75 ప్రభుత్వ హైస్కూళ్లను లాటరీ పద్ధతిలో మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపులో కౌన్సెలర్, ఒక గుంపులో టీచర్, మూడో గుంపులో ఇద్దరూ లేరు. జీవన నైపుణ్యాల పాఠాలు మాత్రం మూడు గుంపుల్లోనూ ఉన్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలను మొదట్లో 13,035 మందిని, చివర్లో 14,414 మందిని ప్రశ్నించారు. ఫలితాలు 2018లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చాయి.

మూడు గుంపుల్లోనూ తరగతి గది పాఠాలు ఉన్నాయన్నది గమనించాల్సిన సంగతి. అంటే పాఠం మాత్రమే ఉన్న బడుల కంటే, పాఠానికి ఒక మనిషి తోడైన బడులు ముందున్నాయి.

ఈ కౌన్సెలర్లు మానసిక వైద్యులు కారు. డిగ్రీ చదివిన స్థానికులు. వారికి శిక్షణ ఇచ్చారు, పైన పర్యవేక్షకులను పెట్టారు. వాళ్లు చేసిన పనులేవీ విడ్డూరమైనవి కావు. అసెంబ్లీలో మాట్లాడటం, పిల్లలతో గోడపత్రిక తీయించడం, పోటీలు పెట్టడం, పెట్టెలో వచ్చిన కాగితాలను చదివి హెడ్‌మాస్టర్‌తో, తల్లిదండ్రులు, టీచర్లు ఉన్న కమిటీతో మాట్లాడి ఏదో ఒకటి జరిగేలా చూడటం. వచ్చి మాట్లాడతానన్న పిల్లలతో విడిగా కూర్చోవడం.

ఫలితాల్లో అన్నిటికంటే ముందు కనిపించింది 'బడి వాతావరణం'లో మార్పు. టీచర్లు మమ్మల్ని పట్టించుకుంటారు, ఇది మా బడి, ఇక్కడ మా మాట చెల్లుతుంది అన్న భావన పిల్లల్లో పెరిగింది. కుంగుబాటు తగ్గడం, కొట్లాటలు తగ్గడం, ఆడపిల్లల పట్ల చూపు మారడం దానితో పాటే కనిపించాయి. రెండో ఏడాది కూడా కొనసాగించి చూస్తే ప్రభావం తగ్గకపోగా పెరిగింది.

మరి అదే పని టీచర్లు చేస్తే ఎందుకు కాలేదు? టీచర్లకు మనసు లేదనుకుంటే అంతకంటే అన్యాయం లేదు. వాళ్ల రోజును చూడండి. సిలబస్, హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లో ఫొటోలు, ఎన్నికల డ్యూటీ, సర్వేలు. వీటి మధ్యన మిగిలిన పది నిమిషాల్లో పిల్లవాడి గుండె బరువు దించమంటే అది మొక్కుబడి అవుతుంది.

రెండో కారణం మరింత లోతైనది. మార్కులు వేసేదీ టీచరే, ఇంటికి కబురు పంపేదీ టీచరే, కొన్ని బడుల్లో బెత్తం పట్టేదీ టీచరే. పెట్టెలో పడిన ఫిర్యాదు కూడా ఆ టీచర్ గురించే కావొచ్చు. అలాంటప్పుడు పిల్ల నోరు విప్పుతుందా? పిల్లలు అమాయకులు కావొచ్చు కానీ, ఎవరికి ఏం చెబితే ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు.

ఓర్పు నేర్పడమా, అన్యాయం ఆపడమా?

ఈ పాఠాల మీద ఒక గట్టి విమర్శ ఉంది, దాన్ని పక్కకు నెట్టలేం. లోపం బడిలో, సమాజంలో ఉంటే, పిల్లవాడికి ఊపిరి బిగబట్టి వదలడం నేర్పితే ఏం లాభం?

భోజనం దగ్గర కులం పేరుతో పక్కకు కూర్చోబెట్టిన పిల్లకు వచ్చేది కోపం. అది సరైన కోపం. దాన్ని అణచుకోవడం నేర్పేదే మనసు పాఠమైతే అది అన్యాయానికి సాయం చేసినట్టే. నల్లగా ఉందని, ఇంగ్లిష్ రాదని, నాన్న కూలీ అని రోజూ నవ్వే తరగతిలో 'అందరినీ ప్రేమించు' అనే పోస్టర్ అతికిస్తే ఎవరికి ఊరట?

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పదిహేనేళ్లు దాటినా చాలాచోట్ల బెత్తం బల్ల మీదే ఉంది. బెత్తాన్ని ఉంచుకుని భావోద్వేగ వికాసం గురించి శిక్షణ తరగతులు పెట్టడం మనకు ఎబ్బెట్టుగా కూడా అనిపించడం లేదు.

నలంద కౌన్సెలర్ల పని ఈ విమర్శకు కొంత జవాబు. వాళ్లు పిల్లలను మార్చడంతో ఆగలేదు. పిల్లలు రాసిన కాగితాలు పట్టుకుని బడిని కదిలించడం కూడా వాళ్ల పనిలో భాగం. ఒక ఫిర్యాదు రాస్తే ఏదో జరుగుతుందన్న నమ్మకమే సగం మందు. ఏమీ జరగని చోట, చెప్పుకోవడం కూడా ఇంకో అవమానంగా మిగులుతుంది.

విశాఖ కేసు నుంచి దేశమంతటికీ

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. ఆమెది పశ్చిమ బెంగాల్. దర్యాప్తు సీబీఐకి ఇవ్వాలని తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం కేసును సీబీఐకి అప్పగించింది. అక్కడితో ఆగకుండా, మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చే వరకు అవే అమల్లో ఉంటాయి.

వాటిలో కొన్ని మన కాలేజీల గుండెకాయకే తగిలేవి. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. అందరి ముందూ అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. అమలు చూడటానికి జిల్లా కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉండాలి.

మార్కులను బట్టి బ్యాచ్‌లు వద్దన్న వాక్యం చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. నేను ఇంటర్ చదివిన కాలేజీలో వీకెండ్ టెస్టు ఫలితాలు వచ్చిన ప్రతిసారీ సెక్షన్లు మారేవి. పై సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కు కొత్తవాళ్లు. పేరు కిందికి వచ్చిన రోజు బ్యాగు తీసుకుని ఇంకో గదికి నడవాలి. వెనక నుంచి ఎవరూ ఏమీ అనకపోయినా అందరూ చూస్తుంటారు. నా రూమ్మేట్ ఒకడు అలా రెండుసార్లు నడిచాక మాట్లాడటం మానేశాడు. వార్డెన్ దాన్ని 'సీరియస్‌గా చదువుతున్నాడు' అనుకున్నారు. సంక్రాంతికి ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. ప్రాణాలతో ఉన్నాడు, బాగున్నాడు. కానీ ఆ రెండు నెలలు వాడిని 'ఏమైందిరా' అని అడగడం ఎవరి ఉద్యోగమూ కాదు. నేనూ అడగలేదు.

అలాంటి కాలేజీలో వారానికొక 'వెల్‌నెస్ అవర్' పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆ గంటలో ఒత్తిడి తగ్గించుకోమంటారు. మిగతా వారమంతా ఒత్తిడి పెంచుతారు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, నెలకొక ఔటింగ్, ర్యాంకుల ఫ్లెక్సీలు అలాగే ఉంటాయి. తొట్టిలో చిల్లు పూడ్చకుండా నీళ్లు పోస్తూ కూర్చోవడమే.

అమలు ఎక్కడ జారిపోవచ్చు?

కోర్టు ఆదేశాలను కాగితం మీద నెరవేర్చడం సులువు. ఒక సీనియర్ లెక్చరర్ పేరు పక్కన 'కౌన్సెలర్' అని రాసి, రెండు రోజుల ఆన్‌లైన్ శిక్షణ సర్టిఫికెట్ జతచేస్తే ఫైలు పూర్తవుతుంది. నలందలో ఏ తేడా చూపించనిది సరిగ్గా ఈ పద్ధతే.

రెండో చిక్కు చిన్న బడులది. 2024–25 అధికారిక గణాంకాల ప్రకారం దేశంలో లక్షకు పైగా బడులు ఒకే టీచర్‌తో నడుస్తున్నాయి. అలాంటి బడులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఐదు తరగతులూ ఒక్కరే చూసుకునే చోట భావోద్వేగ వికాసం కూడా నువ్వే చూసుకో అనడంలో అర్థం లేదు. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక మనిషిని, రోజు కేటాయించి తిప్పడం లాంటి ఏర్పాటు కావాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో ఆరోగ్యశాఖ ఇలాంటి ఏర్పాటునే ఎన్నో ఏళ్లుగా నడిపిస్తోంది. విద్యాశాఖ చేయలేనిదేమీ కాదు.

మూడోది, స్థానిక కౌన్సెలర్ అన్నిటికీ మందు కాదన్న ఎరుక. తీవ్రమైన కుంగుబాటులో ఉన్న పిల్లకు వైద్యం కావాలి. ఎప్పుడు తాను చూసుకోవాలి, ఎప్పుడు జిల్లా ఆసుపత్రికి పంపాలి అన్నది కౌన్సెలర్‌కు తెలియాలి. వాళ్లను నడిపించే నిపుణులు పైన ఉండాలి. నలందలో పర్యవేక్షకులను పెట్టింది అందుకే. వాళ్లను తీసేసి చవగ్గా అమలు చేస్తే అదే ఫలితం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

డబ్బు సంగతి కూడా దాచాల్సిన పని లేదు. ప్రతి హైస్కూలుకు ఒక జీతం అంటే ప్రభుత్వానికి భారమే. పుస్తకం అచ్చు వేయడం ఒక్కసారి ఖర్చు, మనిషి జీతం ప్రతి నెలా ఖర్చు. ప్రభుత్వాలు ఎప్పుడూ మొదటిదాన్నే ఎంచుకోవడానికి కారణం అదే. లక్షల్లో ఫీజులు తీసుకునే కార్పొరేట్ కాలేజీలకు మాత్రం ఆ సాకు చెల్లదు.

తల్లిదండ్రులు ఏం అడగాలి?

పేరెంట్స్ మీటింగ్‌లో మనం ఇప్పటిదాకా అడుగుతున్నది మార్కుల గురించే. ఇకపై ఇంకొన్ని అడగొచ్చు. మా పిల్లకు బాధ కలిగితే ఈ క్యాంపస్‌లో ఎవరితో చెప్పుకోవాలి? ఆ మనిషి పేరేంటి? వారానికి ఎన్ని గంటలు అందుబాటులో ఉంటారు? పిల్ల చెప్పిన మాట లెక్చరర్ల గదికి చేరకుండా ఎవరు చూస్తారు? ఆ మనిషి పాఠాలు కూడా చెబుతారా, మార్కులు కూడా వేస్తారా? సెక్షన్లు దేన్నిబట్టి చేస్తున్నారు?

వీటిలో ఒక్కదానికైనా తడబాటు లేకుండా జవాబు చెప్పే సంస్థ ఉంటే, అక్కడ మనసు పాఠం పీరియడ్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు. జవాబు రాకపోతే, ఎంత రంగురంగుల పాఠ్యపుస్తకం ఉన్నా పిల్లలకు దక్కేది తక్కువే.

ఇంట్లో కూడా ఇదే ప్రశ్న మనల్ని మనం వేసుకోవాలి. ఫలితాల రోజున మన పిల్లలు మొదటి ఫోన్ ఎవరికి చేస్తారు? ఆ పేరు మనది కాకపోతే, ఎందుకు కాలేదో ఆలోచించడానికి ఫలితాలు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

*మీకు గానీ, మీకు తెలిసినవారికి గానీ మానసికంగా కష్టంగా ఉంటే ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.*